ఆదరణ కరువైనా ఆరు పతకాలు

ఒలింపిక్స్‌లో హ్యాండ్‌బాల్ అనగానే యూరప్ దేశాల పేర్లే వినిపిస్తాయి. డెన్మార్క్, నార్వే, హంగరీ, రష్యా, ఫ్రాన్స్.. ఆ దేశాల్లో ఊరూరా క్లబ్బులుంటాయి. చలికాలమంతా పోటీలు జరుగుతాయి. టికెట్టు కొనుక్కుని చూసే జనమూ ఉన్నారు. వారి సరసన ఆసియా ఖండం నుంచి నలభై ఏళ్లపాటు నిలబడిన మహిళల జట్టు ఒక్కటే. అది దక్షిణ కొరియా జట్టు.

1984 నుంచి 2024 వరకు పదకొండు ఒలింపిక్స్ జరిగాయి. పదకొండింటిలోనూ ఈ జట్టు ఆడింది. ఒక్కసారి కూడా అర్హత తప్పలేదు. రెండు స్వర్ణాలు, మూడు రజతాలు, ఒక కాంస్యం సంపాదించింది. మిగతా ఆసియా దేశాలన్నీ కలిసి మహిళల హ్యాండ్‌బాల్‌లో తెచ్చుకున్నది ఒకే ఒక్క ఒలింపిక్ పతకం. 1984లో చైనాకు దక్కిన కాంస్యం అది.

ఇంత చేసిన జట్టుకు సొంత గడ్డమీద ఆదరణ ఉందా అంటే లేదనే చెప్పాలి. కొరియా భాషలో 'హన్‌దే' అంటే ఆరుబయలు, నీడా గోడా లేని చోటు. హ్యాండ్‌బాల్‌ను అక్కడివారు 'హెండుబోల్' అంటారు. దానినే కాస్త తిప్పి 'హన్‌దేబోల్' అని చమత్కరిస్తారు. చలిలో వదిలేసిన ఆట అని దాని అర్థం. నాలుగేళ్లకోసారి ఒలింపిక్స్ వచ్చినప్పుడు దేశమంతా టీవీల ముందు కూర్చుంటుంది. పతకం వస్తే చప్పట్లు కొడుతుంది. మరునాటినుంచి గ్యాలరీలు ఖాళీ. ఆడేవారి తల్లిదండ్రులు, బడి స్నేహితురాళ్లు తప్ప ఆ పోటీలకు వచ్చేవారు అరుదు.

ఆట ఎలా ఉంటుంది?

మన పల్లెల్లో చెడుగుడు, ఖోఖో, వాలీబాల్ తెలిసినంతగా హ్యాండ్‌బాల్ తెలియదు. ఫుట్‌బాల్‌ను చేతులతో, చిన్న మైదానంలో, ఇంటికప్పు కింద ఆడితే ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు. మైదానం పొడవు 40 మీటర్లు, వెడల్పు 20 మీటర్లు. జట్టుకు ఏడుగురు. అందులో ఒకరు గోల్‌కీపర్. మహిళలు ఆడే బంతి చుట్టుకొలత 54 నుంచి 56 సెంటీమీటర్లు. అంటే ఒక చేత్తో గట్టిగా పట్టుకుని విసరగలిగినంత. ముప్పయి నిమిషాల చొప్పున రెండు భాగాలు.

బంతి పట్టుకుని మూడు అడుగులకు మించి నడవరాదు. మూడు సెకన్లకు మించి చేతిలో ఉంచుకోరాదు. గోలుకు ఆరు మీటర్ల దూరంలో ఒక గీత ఉంటుంది. దాని లోపల గోల్‌కీపర్ తప్ప ఎవరూ కాలు మోపకూడదు. కాని గీత బయటినుంచి ఎగిరి, గాలిలో ఉండగానే బంతి విసరవచ్చు. ఆట సొగసంతా అక్కడే ఉంది. గీత దగ్గర గోడ కట్టినట్టు నిలబడిన ప్రత్యర్థులపై నుంచి ఒక అమ్మాయి ఎగురుతుంది. ఆమె నేలమీదికి దిగేలోగా గోలు పడాలి. భుజాలు, మోకాళ్లు తగిలే ఆట. తప్పు చేస్తే రెండు నిమిషాలు బయట కూర్చోబెడతారు. ఆ రెండు నిమిషాలూ మిగతావారే లాక్కురావాలి.

ఈ ఆటకు పొడవు, బరువు ఉన్నవారు కావాలి. యూరప్ క్రీడాకారిణులకు ఆ రెండూ ఉన్నాయి. కొరియా అమ్మాయిలు వారి పక్కన పొట్టిగా కనిపిస్తారు. అందుకే వారు వేరే దారి పట్టారు. ఆరు మీటర్ల గీత దగ్గర గోడ కట్టి కూర్చోకుండా ముందుకు దూకి, ప్రత్యర్థి బంతి అందుకోబోయే చోటే అడ్డుపడతారు. బంతి దొరికిన మరుక్షణం పరుగే. ఒకరు గాలిలోకి విసిరిన బంతిని ఇంకొకరు ఎగిరి గాలిలోనే అందుకుని గోలు కొట్టడం వారికి పెట్టింది పేరు. అరవై నిమిషాలూ ఇలా పరుగెత్తాలంటే ఊపిరి ఉండాలి. దేశ జట్టుకు ఎంపికైన వారిని సియోల్ నగరం అంచున ఉన్న తెర్యుంగ్ శిక్షణ శిబిరంలో ఉంచేవారు. ఆ శిబిరంలో పక్కనున్న బులామ్ కొండ ఎక్కి పరుగెత్తించడం రివాజు. కొండ పేరు చెబితేనే పాత క్రీడాకారులకు కాళ్లు పీకుతాయట.

రష్యాను కూలదోసిన రోజు

ఒలింపిక్స్‌లో మహిళల హ్యాండ్‌బాల్‌ను 1976లో ప్రవేశపెట్టారు. 1976లోను, 1980లోను స్వర్ణం సోవియట్ యూనియన్‌దే. 1984 లాస్ ఏంజెలిస్ క్రీడలను సోవియట్ కూటమి బహిష్కరించింది. ఆ ఏడాది ఆరు జట్లు ఆడితే యుగొస్లావియా మొదటి స్థానంలో, కొరియా రెండో స్థానంలో నిలిచాయి. పెద్ద జట్లు రాలేదు గనుక వచ్చిన పతకమని పెదవి విరిచినవారు ఉన్నారు.

నాలుగేళ్ల తర్వాత సొంత నగరం సియోల్‌లో ఒలింపిక్స్. ఈసారి సోవియట్ జట్టు వచ్చింది. రెండేళ్ల క్రితమే ప్రపంచ చాంపియన్‌గా నెగ్గిన జట్టు అది. చివరి దశలో నాలుగు జట్లు ఒకదానితో ఒకటి తలపడ్డాయి. ఆఖరి పోటీలో కొరియా 21-19తో సోవియట్ జట్టును ఓడించింది. స్వర్ణం కొరియాకు, రజతం నార్వేకు, కాంస్యం సోవియట్‌కు దక్కాయి. బంతితో ఆడే జట్టు క్రీడల్లో కొరియాకు అదే మొట్టమొదటి ఒలింపిక్ స్వర్ణం. ఫుట్‌బాల్, బేస్‌బాల్ ఆడే మగవారికి లక్షల జనం ఉన్న దేశంలో ఆ ఘనత ముందుగా సాధించినది హ్యాండ్‌బాల్ అమ్మాయిలు. ఆ జట్టులోని కిమ్ హ్యున్-మిని అంతర్జాతీయ సమాఖ్య 1989 సంవత్సరానికి ప్రపంచ ఉత్తమ క్రీడాకారిణిగా ప్రకటించింది.

1992లో బార్సిలోనా ఫైనల్లో నార్వేపై 28-21. అది కష్టపడి నెగ్గిన పోటీ అనిపించదు, అంత తేడా. 1995లో ఆస్ట్రియా, హంగరీ దేశాల్లో జరిగిన ప్రపంచ చాంపియన్‌షిప్‌లో ఆతిథ్య జట్టు హంగరీని ఫైనల్లో 25-20తో ఓడించింది. యూరప్ వెలుపలి దేశం హ్యాండ్‌బాల్‌లో ప్రపంచ విజేత కావడం అంతకుముందు ఎన్నడూ లేదు. ఆ తర్వాత 2013లో బ్రెజిల్ మహిళలు నెగ్గేదాకా మళ్లీ జరగనూ లేదు.

ఇంతవరకు అంతా ఎక్కుడే. 1996 అట్లాంటా ఫైనల్లో డెన్మార్క్ అడ్డుపడింది. అదనపు సమయం దాకా సాగిన ఆటలో 37-33తో కొరియా ఓడింది. ఆ ఏడాది ప్రపంచ ఉత్తమ క్రీడాకారిణి మాత్రం కొరియాకు చెందిన లిమ్ ఓ-క్యుంగ్. 2000 సిడ్నీలో కాంస్యం కోసం జరిగిన పోటీలో నార్వే చేతిలో ఒక్క గోలు తేడాతో ఓడి నాలుగో స్థానంతో సరిపెట్టుకున్నారు.

ఎనభై నిమిషాల ఫైనల్

పతకాలు వస్తున్న కాలంలోనే ఇంటివద్ద పునాది కుంగుతూ వచ్చింది. కొరియాలో ఈ క్రీడాకారిణులు క్లబ్బుల్లో ఆడరు. కంపెనీలు, నగరపాలక సంస్థలు జట్లను పోషిస్తాయి. బడిలో బాగా ఆడిన అమ్మాయిని జట్టు పెట్టిన సంస్థ తీసుకుంటుంది, జీతం ఇస్తుంది. జట్టు ఉన్నంతకాలం ఉద్యోగం. సంస్థకు కష్టకాలం వస్తే ముందుగా ఎత్తేసేది జట్టునే. జట్టు మూతపడితే ఆటతోపాటు అన్నమూ పోతుంది. 1997లో ఆసియాను ఊపేసిన ఆర్థిక సంక్షోభంలో కొరియా కంపెనీలు ఎన్నో చితికిపోయాయి. 2004 నాటికి మహిళల పెద్ద జట్లు వేళ్లమీద లెక్కించేన్ని మిగిలాయి.

అదే సమయంలో డెన్మార్క్ సంగతి చూడండి. ఆ దేశ జనాభా అప్పట్లో 54 లక్షలు. కొరియా జనాభా నాలుగున్నర కోట్లకు పైమాటే. కాని డెన్మార్క్‌లో హ్యాండ్‌బాల్ క్లబ్బులు వందల్లో ఉన్నాయి. పెద్ద దేశం చిన్నదై, చిన్న దేశం పెద్దదై పోటీకి దిగాయన్నమాట.

2004 ఏథెన్స్ ఒలింపిక్స్‌కు జట్టు కూర్చవలసి వచ్చినప్పుడు శిక్షకుడు లిమ్ యంగ్-చుల్ పాతవారిని పిలిచారు. ముప్పయి దాటినవారు, పెళ్లయి బిడ్డల తల్లులైనవారు జట్టులో చేరారు. లిమ్ ఓ-క్యుంగ్ అప్పటికి జపాన్‌లోని హిరోషిమాలో ఒక జట్టుకు శిక్షణ ఇస్తూ తానూ ఆడుతూ, కూతురిని పెంచుకుంటోంది. ఆమె తిరిగొచ్చింది. 1992 స్వర్ణ జట్టులో ఆమెతోపాటు ఆడిన ఓ సంగ్-ఓక్ ఉంది. గోలు దగ్గర ఓ యంగ్-రాన్.

ఆగస్టు 29న ఫైనల్. ఎదుట మళ్లీ డెన్మార్క్. వరుసగా రెండు ఒలింపిక్ స్వర్ణాలు గెలుచుకుని మూడోదానికి వచ్చిన జట్టు. అరవై నిమిషాలు ముగిసేసరికి 25-25. పది నిమిషాలు అదనంగా ఆడించారు. 29-29. మరో పది నిమిషాలు. 34-34. ఎనభై నిమిషాలు పరుగెత్తినా తేలలేదు. ఏడు మీటర్ల గీత నుంచి ఒక్కొక్కరే వచ్చి గోల్‌కీపర్ ఎదుట బంతి విసరాలి. డెన్మార్క్ నాలుగు గోలు చేసింది. కొరియా విసిరినవాటిలో రెండే లోపలికి వెళ్లాయి. మొత్తం మీద 38-36. స్వర్ణం డెన్మార్క్‌ది.

ఓడినవారే దేశానికి గుర్తుండిపోవడం ఈ పోటీ ప్రత్యేకత. ముప్పయి దాటిన ఆడవాళ్లు అంతసేపు అలా ఆడగా కొరియాలో చూసినవారు మరిచిపోలేదు. కాని జట్ల సంఖ్య పెరగలేదు.

సినిమా, కోర్టు, మళ్లీ పతకం

2008 జనవరిలో ఆ ఫైనల్‌ను కథగా తీసుకుని కొరియాలో ఒక సినిమా విడుదలైంది. 'మన జీవితంలో అత్యుత్తమ క్షణం' అని దాని పేరుకు అర్థం. దర్శకురాలు ఇమ్ సూన్-ర్యే కూడా మహిళే. హీరో లేడు, ఫైనల్లో ఓడిపోయే కథ, అందులోనూ ఎవరూ చూడని ఆట. ఇన్ని అవలక్షణాలున్న సినిమాను దాదాపు నలభై లక్షల మంది చూశారు. ఆ పేరులోని మాటల మొదటి అక్షరాలు కలిపి 'ఉసెంగ్‌సున్' అని ఈ జట్టును పిలవడం అప్పటినుంచే మొదలైంది.

సినిమా ఆడుతున్న రోజుల్లోనే అసలు జట్టు ఒలింపిక్స్‌కు వెళుతుందో లేదో తెలియని స్థితిలో ఉంది. 2007లో కజకస్తాన్‌లో జరిగిన ఆసియా అర్హత పోటీల్లో రిఫరీలు పక్షపాతం చూపారని కొరియా, జపాన్ దేశాలు గొడవ చేశాయి. అంతర్జాతీయ సమాఖ్య విచారించి పోటీ మళ్లీ పెట్టమంది. 2008 జనవరి 29న టోక్యోలో జపాన్‌ను కొరియా 34-21తో చిత్తు చేసింది. అయితే స్విట్జర్లాండ్‌లోని క్రీడా న్యాయస్థానం ఆ మార్చి నెలలో మహిళల మలిపోటీ చెల్లదని తీర్పు చెప్పింది. ఆసియా బెర్తు కజకస్తాన్‌దేనంది. గెలిచిన పోటీ కాగితంమీద మాయమైంది. ఇక మిగిలిన దారి ప్రపంచ అర్హత టోర్నమెంటు. కొరియా జట్టు ఫ్రాన్స్ వెళ్లి అక్కడ ఆడి నెగ్గి బీజింగ్ టికెట్టు తెచ్చుకుంది.

బీజింగ్ సెమీఫైనల్లో నార్వే. ఆట ముగియడానికి కొన్ని సెకన్ల ముందు కొరియా స్కోరు సమం చేసింది. 28-28. గంట మోగే క్షణంలో నార్వే బంతి గోలులో పడింది. గంట మోగేనాటికి బంతి గీత దాటలేదని కొరియా ఫిర్యాదు చేసింది. ఫిర్యాదును కొట్టేశారు. 29-28తో నార్వే ఫైనల్‌కు వెళ్లి స్వర్ణం గెలిచింది.

కాంస్యం కోసం హంగరీతో పోటీ. కొరియా ముందంజలో ఉంది. ఒక నిమిషమో ఏమో మిగిలింది. గెలుపు ఖాయం. అలాంటప్పుడు ఎవరూ టైమ్ అవుట్ అడగరు. శిక్షకుడు లిమ్ యంగ్-చుల్ అడిగారు. కుర్రవాళ్లను బయటకు పిలిచి, అక్కలకు ఇదే ఆఖరి ఒలింపిక్ ఆట, అర్థం చేసుకోండని చెప్పారు. సీనియర్లందరినీ మైదానంలోకి పంపారు. ఓ సంగ్-ఓక్‌కు అది అయిదో ఒలింపిక్స్. గంట మోగినప్పుడు మైదానంలో ఉన్నవారు వాళ్లే. 33-28. ఇది జట్టుకు ఆరో ఒలింపిక్ పతకం. ఇప్పటివరకు ఆఖరిదీ అదే.

గూడు దొరికింది, పతకం దొరకలేదు

2008 చివర్లో ఎస్.కె. అనే పెద్ద పారిశ్రామిక సంస్థ అధినేత చె తే-వన్ కొరియా హ్యాండ్‌బాల్ సమాఖ్య అధ్యక్షుడయ్యారు. 2011లో సియోల్ ఒలింపిక్ పార్కులోని పాత వ్యాయామశాలను మార్చి హ్యాండ్‌బాల్‌కే ప్రత్యేకించిన స్టేడియం కట్టించారు. చలిలో వదిలేసిన ఆటకు ఎట్టకేలకు సొంత ఇల్లు దొరికింది. యోంగిన్ నగరపాలక సంస్థ ఖర్చు భరించలేక తన మహిళల జట్టును ఎత్తివేసినప్పుడు, 2012లో అదే సంస్థ ఆ జట్టును చేరదీసి తన పేరు పెట్టుకుంది. లేకుంటే ఆ అమ్మాయిలంతా ఆట మానుకోవలసి వచ్చేది.

డబ్బు వచ్చినా మైదానంలో ఫలితాలు జారుతూ వచ్చాయి. 2010 ఆసియా క్రీడల్లో జపాన్ చేతిలో ఓడి కాంస్యానికి పరిమితమయ్యారు. ఆసియా క్రీడల్లో మహిళల హ్యాండ్‌బాల్ మొదలైన 1990 నుంచి అప్పటిదాకా స్వర్ణం మరొకరికి పోయిందే లేదు. 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యపు పోటీ రెండు అదనపు సమయాల దాకా సాగి, 31-29తో స్పెయిన్‌కు పోయింది.

2016 రియోలో గ్రూపు దశ దాటలేదు. 1984 తర్వాత మొదటి నలుగురిలో లేకపోవడం అదే ప్రథమం. ఆ ఓటమిలోనూ ఒక ముచ్చట ఉంది. నలభై దాటి, ఇద్దరు పిల్లల తల్లి అయిన ఓ యంగ్-రాన్‌ను మళ్లీ గోలు దగ్గరికి పిలిచారు. ఆమెకూ అది అయిదో ఒలింపిక్స్. నెదర్లాండ్స్‌తో ఆట 32-32గా ఉండగా చివరి సెకన్లలో ప్రత్యర్థికి పెనాల్టీ దొరికింది. ఆమె దాన్ని ఆపింది. ఆట డ్రా అయింది. ఆమెకు సాటి వచ్చే గోల్‌కీపర్ కొత్త తరంలో దొరక్కపోవడమే ఆమెను పిలవడానికి కారణమన్న సంగతి కూడా దాచదగింది కాదు.

యూరప్ వారు ఇప్పుడు పొడవుతోపాటు పరుగూ నేర్చారు. కొరియా పాత ఆయుధం అందరి చేతిలోకి వచ్చింది. మరోవైపు కొరియాలో పిల్లలే తగ్గిపోతున్నారు. 2023లో ఆ దేశ స్త్రీలకు సగటున పుట్టే బిడ్డల సంఖ్య 0.72కు పడిపోయింది. ప్రపంచంలోనే అతి తక్కువల్లో అది ఒకటి. బడిలో పద్నాలుగు మంది ఆడపిల్లలు ఉంటేనే గదా రెండు జట్లు కట్టి ఆడించేది!

మంచి ఆటగాళ్లు యూరప్‌కు వెళ్లడమూ మొదలైంది. రియూ ఉన్-హీ ఫ్రాన్స్‌లో ఆడి, తర్వాత హంగరీలోని గ్యోర్ క్లబ్బులో చేరి 2024లో యూరప్ చాంపియన్స్ లీగ్ నెగ్గిన జట్టులో ఉంది. స్వదేశంలో 2023 నవంబరులో 'హెచ్ లీగ్' పేరుతో కొత్త లీగ్ ప్రారంభించారు. మహిళల జట్లు ఎనిమిది. లిమ్ ఓ-క్యుంగ్ దారి మరొకటి. సియోల్ నగర జట్టుకు శిక్షకురాలిగా పనిచేసి, 2020లో గ్వాంగ్‌మ్యంగ్ నియోజకవర్గం నుంచి కొరియా పార్లమెంటుకు ఎన్నికైంది. 2024లో మళ్లీ నెగ్గింది.

2024 పారిస్ ఒలింపిక్స్‌కు కొరియా ఫుట్‌బాల్, వాలీబాల్, బాస్కెట్‌బాల్ జట్లేవీ అర్హత సాధించలేదు. బంతి ఆటల్లో వెళ్లిన జట్టు ఒక్క మహిళల హ్యాండ్‌బాల్ జట్టే. శిక్షకుడు స్వీడన్‌కు చెందిన హెన్రిక్ సిగ్నెల్. తొలి పోటీలో జర్మనీపై వెనకబడి కూడా 23-22తో గెలిచారు. గెలిచిన అమ్మాయిలు పతకమే వచ్చినట్టు గుండ్రంగా నిలబడి గెంతారు. తర్వాత స్లొవేనియా, నార్వే, స్వీడన్, డెన్మార్క్ చేతుల్లో వరుసగా నాలుగు ఓటములు. ఇంటిదారి పట్టారు.

ఢిల్లీలో ఆఖరి అంకం

ఈ జట్టు ఇటీవల మన దేశానికీ వచ్చింది. మన పత్రికల్లో పెద్దగా రాలేదు గాని, 2024 డిసెంబరులో ఆసియా మహిళల హ్యాండ్‌బాల్ చాంపియన్‌షిప్ న్యూఢిల్లీలోని ఇందిరాగాంధీ ఇండోర్ స్టేడియంలో జరిగింది. 1987లో మొదలైన ఈ పోటీల్లో కొరియా అప్పటికి పదహారు సార్లు విజేత. 2012 నుంచి వరుసగా ఆరుసార్లు కప్పు మరొకరికి ఇవ్వలేదు. ఫైనల్లో జపాన్ ఎదురైంది. అంతకు ఏడాది ముందు హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల ఫైనల్లో ఇదే జపాన్ 29-19తో కొరియాను ఓడించి స్వర్ణం పట్టుకుపోయింది.

ఢిల్లీలో తేడా పది గోలు కాదు, ఒక్కటే. 25-24తో జపాన్ నెగ్గింది. కప్పు టోక్యో విమానం ఎక్కింది. కొరియా అమ్మాయిలు ఇంటికి వెళ్లి, జనవరిలో మొదలయ్యే లీగ్ కోసం తమ తమ ఎనిమిది జట్లలో చేరిపోయారు.